రెండో చూపు

ఇంటర్వ్యూలకు వెళ్లడంలో ఆ ఇంట్లో మరిదికున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు. ఒక్కదాంట్లోనూ నెగ్గకపోవడం వల్ల ఆ అనుభవం ఏటికేడూ పెరుగుతూనే వచ్చింది. వదినకు ఆసుపత్రిలో ఇంటర్వ్యూ ఉందని తెలిసిన సాయంత్రమే అతను భోజనాల బల్ల ఖాళీ చేయించి, గోడ వైపు తను కూర్చుని, ఎదురుగా ఆమె కోసం ఒక కుర్చీ లాగి పెట్టాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె చేతుల్లో సగం తరిగిన బీన్స్ పళ్లెం, కత్తి ఉన్నాయి.

"లోపలికి రావచ్చా అని అడగలేదు నువ్వు," అన్నాడు మరిది.

"నా వంటింట్లోకి రావడానికి నీ అనుమతేమిటి?"

"ఇదిగో, ఈ పెడసరమే వద్దంటున్నాను. బయటికెళ్లి మళ్లీ రా వదినా. ఆ పళ్లెం అక్కడ పెట్టు. ఇంటర్వ్యూకి ఎవరైనా కత్తి పట్టుకొస్తారా?"

ఆమె బయటికి వెళ్లి మళ్లీ వచ్చింది. కూర్చుంది. ముందుకు జరిగి కూర్చుంటే ఆత్రం అన్నాడు, వెనక్కి వాలితే పొగరు అన్నాడు. నవ్వితే పళ్లన్నీ కనిపిస్తున్నాయన్నాడు, నవ్వకపోతే చావు కబురు తెచ్చినట్టుందన్నాడు. అన్నం అడుగంటుతున్న వాసన వచ్చింది. లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్రశ్న అడిగాక మధ్యలో లేవకూడదు. చెప్పండి, మీ బలహీనత ఏమిటి?"

"నీలాంటి మరిది."

పక్కన బూట్లు తుడుచుకుంటున్న భర్త కిసుక్కుమన్నాడు. మరిది మాత్రం నవ్వలేదు. "అందరూ బోర్లా పడేది ఇక్కడే వదినా. బలహీనత అడిగితే బలహీనత చెప్పకూడదు. ఉన్న గొప్పతనాన్నే కాస్త దిగులు మొహం పెట్టి చెప్పాలి. 'ఏ పనైనా నా కళ్లతో చూసుకుంటే గాని వదలలేనండీ, అదే నా బలహీనత' అను."

"అది బలహీనత ఎలా అవుతుందయ్యా?"

"అదే కిటుకు."

"ఇన్ని కిటుకులు తెలిసి నువ్వింకా ఇంట్లో ఎందుకున్నావు?"

"అడిగేవాళ్లకి కూడా కిటుకులు తెలిసిపోయాయి," అన్నాడు మరిది, పాఠం చెబుతున్నంత నిబ్బరంగా. "మీ ఆసుపత్రి వాళ్లకి ఇంకా తెలిసి ఉండవు."

"వాడు చెప్పేది విను. పోయేదేముంది?" అన్నాడు భర్త బూటు మీద నుంచి తల ఎత్తకుండానే.

పోయింది అన్నం. గిన్నె అడుగు నల్లగా మాడింది. దాన్ని గీకుతూనే ఆమె ఆ వాక్యాన్ని అప్పచెప్పింది, దిగులు మొహం దానంతటదే వచ్చింది. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. పని కొత్తదేం కాదు, రోజూ చేస్తున్నదే. కానీ 'తాత్కాలికం' అన్న మాట పేరు పక్కన ఉన్నంత కాలం, ఒక్క రోజు మానేస్తే ఆ చోట్లో ఇంకొకరు నిలబడి ఉంటారు. మొన్న కూతురు జ్వరంతో మూలుగుతుంటే తడిగుడ్డ మరిది చేతిలో పెట్టి డ్యూటీకి పరుగెత్తింది. ఉద్యోగం పర్మనెంటు అయితే పిల్ల జ్వరానికి సెలవు అడగవచ్చు. గొప్ప ఆశేం కాదు, కానీ దాని కోసం మరిదిని కూడా భరించడానికి సిద్ధపడింది.

*

ఆసుపత్రి అట్టడుగున, కిటికీలు లేని ఒక పొడవాటి గది ఉంది. ఆపరేషన్లలో వాడిన కత్తెరలు, పటకార్లు, గొట్టాలు అన్నీ అక్కడికే దిగుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ట్రేల్లో సర్ది, గుడ్డలో కట్టి, ఆవిరి యంత్రంలోకి తోస్తారు. ఆ గదికి ఒక నియమం ఉంది. ఒకరు సర్దిన ట్రేని ఇంకొకరు మొదటి నుంచీ చూడాలి. దాన్ని రెండో చూపు అంటారు. రెండో మనిషి 'చూశాను' అనేదాకా గుడ్డ మడవరు.

సర్దేది వదిన. గుమ్మం దాటేటప్పుడు తల వంచవలసిన మనిషి ఆ గదిలో తనొక్కతే కాబట్టి అక్కడ ఆమె పేరు పొడుగక్క. చూసేది కళ్లజోడక్క. ఆమె వయసులో పెద్ద, మనిషి పొట్టి, అద్దాలు సీసా అడుగంత మందం. కానీ గొట్టాలు చూసేటప్పుడు మాత్రం ఆ అద్దాలను నుదుటి మీదికి నెట్టేస్తుంది. రక్తం పీల్చే సన్నటి గొట్టం ఒకటుంటుంది. దాని లోపల బ్రష్ దోపి తోమి, నీళ్లు చిమ్మి, దీపానికెదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూడాలి. అవతలి వెలుతురు గుండ్రంగా, మచ్చ లేకుండా కనిపించాలి. కళ్లజోడక్క ఊపిరి బిగబట్టి మరీ చూస్తుంది.

ఉన్నది ఒకటే పోస్టు, షిఫ్టు సూపర్‌వైజరు. దరఖాస్తు ఇద్దరూ పెట్టారు.

"ఏమే పొడుగూ, మీ మరిది కొత్తగా ఏం నేర్పాడు?" అంది కళ్లజోడక్క ఒక పటకారు నోరు తెరిచి దీపానికి చూపిస్తూ.

"కాళ్లు ఊపకూడదట."

"నా కాళ్లు నేలకే ఆనవు, ఊపక చస్తానా? మా ఇంట్లో నేర్పేవాళ్లెవరూ లేరు తల్లీ. అద్దం ముందు నిలబడి నేనే అడిగి నేనే చెప్పుకుంటున్నాను. నిన్నైతే నన్ను నేను సెలెక్టు కూడా చేసేసుకున్నాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక, "ఎవరికొచ్చినా ఒకటేలేవే," అంది కళ్లజోడక్క.

"ఒకటే అక్కా," అంది ఆమె. ఒకటి కాదని ఇద్దరికీ తెలుసు. చెరో పటకారూ అందుకున్నారు.

ఇన్‌ఛార్జి గుమ్మంలోంచే తల దూర్చాడు. ఆ గది వేడికి ఆయన ఎప్పుడూ అంతకన్నా లోపలికి రాడు. "రేపు పొద్దున పదింటికి. ఇద్దరికీ."

"ఇద్దరం ఒకేసారి పైకెక్కితే ఇక్కడెవరుంటారు సార్?" అంది పొడుగక్క.

"ఒకరి తర్వాత ఒకరు వెళ్లండి."

"రేపు ఆపరేషన్లు నిండుగా ఉన్నాయి కదా సార్?"

"అందుకే, పని ముగించుకుని వెళ్లండి."

పని ముగియడమంటూ ఉంటుందా అని ఆమె అడగబోయేసరికి గుమ్మంలో ఆయన తల లేదు. "విన్నావా అక్కా? పని చేసేవాళ్లను ఎంచుకోవడానికి పని ఆపించే తెలివి!" అని చేతిలో ఉన్న ట్రేని బల్ల మీద ఠంగుమనిపించింది.

"ట్రే ఏం చేసిందే పాపం," అంది కళ్లజోడక్క.

*

మర్నాడు పొద్దున్నే థియేటర్ నుంచి ఫోను, కడుపు ఆపరేషన్ సెట్టు తొందరగా కావాలని. ఇస్త్రీ బట్టల సంచీ కొక్కేనికి వేలాడుతోంది. పొడుగక్క చేతులు సర్దుతున్నాయి, కళ్లు గడియారం మీద ఉన్నాయి, నోట్లో మరిది వాక్యాలు నానుతున్నాయి. ముందు కత్తెరలు, తర్వాత పటకార్లు, తర్వాత గొట్టం. 'నన్ను నేను పరిచయం చేసుకుంటానండీ.' తర్వాత గిన్నె.

"నువ్వు ఆ గడియారాన్ని అలా చూస్తే దానికి దిష్టి తగిలి ఆగుతుంది. ట్రే ఇటు తోసి, పోయి బట్టలు మార్చుకో," అంది కళ్లజోడక్క.

ఆమె ట్రేని అటు తోసి, చేతులు కడుక్కుని, బీరువాల వెనక బట్టలు మార్చుకుని, మీద ఏప్రన్ తగిలించుకుని వచ్చింది. "చూశాను, కట్టెయ్యి," అంది కళ్లజోడక్క. కట్టేసింది. ట్రే యంత్రంలోకి పోయింది.

ఇంత ఉరుకులాటా పడి పైకి వెళితే, పైన ఎవరూ లేరు. పదింటికి రమ్మన్న వాళ్లలో ఒకరు మీటింగులో ఉన్నారు, ఒకరు దారిలో ఉన్నారు. వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె పళ్లు నూరుకుంది. కింద కళ్లజోడక్క ఒంటి చేత్తో ఎన్ని ట్రేలు లాగుతోందో. ఒకసారి దిగి వెళ్లి రావచ్చా అని గుమాస్తాను అడిగింది. "మీరటు వెళ్తారు, వీళ్లిటు పిలుస్తారు. తర్వాత నన్నంటారు," అన్నాడతను. కూర్చుంది. లిఫ్టు తలుపు తెరుచుకుని, మూత వేసిన బండి ఒకటి థియేటర్ వైపు దొర్లుకుంటూ పోయింది. పొద్దున కట్టిన ట్రే అందులోనే ఉందని ఆమెకు తెలుసు.

చివరికి పిలిచారు. బల్లకు అవతల ముగ్గురున్నారు. మధ్యలో సూపరింటెండెంటు డాక్టరు, ఒక పక్క ఉద్యోగాల వ్యవహారాలు చూసే ఆఫీసరు, ఇంకో పక్క థియేటర్లన్నిటికీ పెద్ద సిస్టరు. ఆమె లోపలికి రావచ్చా అని అడిగింది. కుర్చీలో మధ్యస్తంగా కూర్చుంది. పళ్లు సగమే కనపడేలా నవ్వింది.

"మీ గురించి చెప్పండి," అన్నాడు ఆఫీసరు. చెప్పింది. తప్పు పోలేదు.

"మీ బలహీనత ఏమిటి?"

మరిదికి మనసులోనే ఒక దండం పెట్టుకుని, మొహం కాస్త దిగులుగా మార్చుకుంది. "ఏ పనైనా నా కళ్లతో చూసుకుంటే గాని..."

అక్కడ ఆగిపోయింది. ఆఫీసరు పెన్ను ఎత్తి ఎదురుచూస్తున్నాడు. ఆమెకు ఇవాళ్టి గొట్టం కళ్ల ముందుకు రాలేదు. కత్తెరలు వచ్చాయి, పటకార్లు వచ్చాయి, గిన్నె వచ్చింది. గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నట్టు గుర్తుంది. బ్రష్ దోపినట్టు గుర్తు లేదు. బ్రష్ కొక్కేనికే వేలాడుతోందా, తడిగా ఉందా, ఏమీ గుర్తు రాలేదు. గడియారం ముల్లు ఒకటే గుర్తొస్తోంది.

"చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

ఆమె లేచింది. బల్ల మీదున్న ఫోను తన వైపు లాక్కుని థియేటర్ నంబరు నొక్కింది. ఆఫీసరు "ఏమండీ!" అన్నాడు. అవతల ఎవరో ఎత్తారు.

"కింద ట్రేలు సర్దేదాన్ని, ఇంటర్వ్యూ గది నుంచి మాట్లాడుతున్నాను. కడుపు సెట్టు విప్పారా?"

"విప్పబోతున్నాం. పేషెంటు బల్ల మీదున్నాడు. ఏం?"

"విప్పకండి. గొట్టం తోమానో లేదో నాకు గుర్తు లేదు. వేరే సెట్టు తీసుకోండి."

"వేరేది తేవాలంటే ఎంతసేపవుతుందో తెలుసా? డాక్టరుగారు నా ప్రాణం తీస్తారు. అయినా, రెండో చూపు లేదా?"

"రెండో చూపు ఉంది," అంది. "అయినా సరే, వెనక్కి పంపెయ్యండి."

ఫోను పెట్టేసింది. పెద్ద సిస్టరు మొదటిసారి తల ఎత్తి ఆమెను నిలువునా చూసింది. సూపరింటెండెంటు కుర్చీలో ముందుకు జరిగాడు. "కూర్చోండి," అన్నాడు, చాలా మర్యాదగా. ఆమెకు ఇంక కూర్చోవాలని లేదు. మిగిలిన ప్రశ్నలకు నిలబడే ఏవేవో చెప్పి బయటపడింది. అంతా బూడిదలో పోసిన పన్నీరైందని మెట్లు దిగుతున్నంతసేపూ మరిదినీ, గడియారాన్నీ, తననూ వరసపెట్టి తిట్టుకుంది.

*

ట్రే ఆమె కన్నా ముందే కిందికి చేరింది. కళ్లజోడక్క గుడ్డ విప్పి, గొట్టాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టి దీపం వైపు చూపించింది.

ఆమె ఒక కన్ను మూసి చూసింది. అవతల వెలుతురు నిండు గుండ్రంగా ఉంది. ఎక్కడా మచ్చ లేదు.

"తోమాను అన్నమాట!" అంది. గుండెల మీంచి బరువు దిగి, వెంటనే ఒళ్లు మండింది. "ఛ! ఊరికే అంత గొడవ..."

"నువ్వు తోమలేదు," అంది కళ్లజోడక్క. "చూస్తే లోపల మరక ఉంది. బట్టలు మార్చుకోవడానికి పోయావుగా, అప్పుడు నేను తోమాను. రెండుసార్లు తోమి, చూసి, అప్పుడే చూశాను అన్నాను."

"మరి చెప్పలేదేం అక్కా?"

"ఇంటర్వ్యూకి పోయేదానికి చెప్పి కంగారు పెట్టనా?"

ఆవిరి యంత్రం బుస్సుమంది. కళ్లజోడక్క అద్దాలు దించుకుని, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "థియేటర్ అమ్మాయి నాకు ఫోన్ చేసి అడిగింది. 'ఏమక్కా, నీ చూపు ఉన్నా లేనట్టేనటగా' అని. పైన ఆ ముగ్గురి ముందే అన్నావట కదా, ఉంది అయినా సరే అని."

"నీ గురించి కాదక్కా. నాకు గుర్తు లేక..."

"నీకు గుర్తు లేకపోతే నేనున్నానని కూడా గుర్తు లేదా? ఇన్నాళ్లూ నా 'చూశాను'ని ఏమనుకున్నావే? తుమ్ము అనుకున్నావా?"

ఆమె గొట్టాన్ని ట్రేలో పెట్టింది. పైనుంచి గుమాస్తా వచ్చి, "రెండో ఆవిడ ఎవరు? రమ్మంటున్నారు," అన్నాడు. కళ్లజోడక్క ఏప్రన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టి, జుట్టు కూడా సవరించుకోకుండా వెళ్లింది.

ఎంతో సేపు కాకుండానే తిరిగొచ్చింది. ఏప్రన్ కట్టుకుని పనిలో పడింది. పొడుగక్క ఆగలేక అడిగింది, ఏమడిగారని.

"ఒకటే అడిగారు. మీరు చూసినదాన్ని మీ తోటి మనిషే నమ్మలేదంటే మీరేమంటారు అని."

"ఏమన్నావు?"

"చూశానండీ అన్నాను."

"తోమింది నువ్వేనని చెప్పలేదా?"

"నువ్వు తోమలేదని చెప్పాలిగా దానికి! నీ మీద పితూరీ చెప్పి ఎక్కనా?" అని కత్తెరలు ఆమె వైపు తోసింది. "సర్దు. గడియారం చూడకుండా సర్దు."

*

రెండు రోజుల తర్వాత ఇన్‌ఛార్జి గుమ్మంలోంచి కాదు, గదిలోకే వచ్చాడు. వేడికి చెమటలు కారుతున్నా నవ్వుతూ, పోస్టు పొడుగక్కకే అని చెప్పాడు. మూలనున్న కళ్లజోడక్క తల తిప్పి, "సంతోషం మేడమ్," అంది. తర్వాత మళ్లీ గొట్టాల వైపు తిరిగింది.

ఆ 'మేడమ్' ముల్లులా దిగింది. మధ్యాహ్నం ఆమె పైకెక్కి ఆఫీసరు గదిలోకి అడగకుండానే వెళ్లింది.

"సార్, ఆ రోజు నేను తోమలేదు. తోమింది ఆవిడ. తప్పు పట్టిందీ, సరిచేసిందీ ఆవిడే. ఆవిడ చూడకపోతే మచ్చ అలాగే పైకి వచ్చేది. నేనేమో అంతా అయ్యాక ఫోను చేశాను. ఇందులో నా గొప్పేముంది?"

ఆఫీసరు ఆమెను అభిమానంగా చూశాడు. "చూశారా, ఇదే మాకు కావలసింది. తప్పు ఒప్పుకునే గుణం. సూపరింటెండెంటుగారు అదే అన్నారు, ఈవిడ నిజాయితీ అరుదు అని."

"నా నిజాయితీ కాదు సార్ నేను చెప్పేది. ఆవిడ పని గురించి."

"తోటివాళ్లకు పేరివ్వడం. అదీ నాయకత్వ లక్షణమే."

ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఏం చెప్పినా మార్కులే పడుతున్నాయి. "నాకొద్దీ పోస్టు. ఆవిడకివ్వండి."

"అలా కుదరదండీ. ఆవిడకు ఇంటర్వ్యూలో అర్హత మార్కులు రాలేదు. ఒక్క జవాబే చెప్పారు. మీరు వద్దంటే మళ్లీ ప్రకటన వేసి బయటి వాళ్లను తీసుకుంటాం. ఆలోచించుకోండి." ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే ఆమె మేలు కోరుతున్నాడు. అందుకే ఆమెకు ఇంకా చిరాకేసింది.

ఇంటికి వెళితే మరిది గుమ్మంలోనే ఎదురయ్యాడు. "నేను చెప్పలేదూ వదినా, ఆ బలహీనత జవాబు ఎక్కడికెళ్లినా పేలుతుందని!" ఆమె చెప్పులు విప్పుతూ అతని వైపు చూసిన చూపుకు, అతను పిల్లకు చెప్పాల్సిన లెక్కలేవో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయాడు.

*

కొత్త డ్యూటీలో చేరిన పొద్దున ఆమె ఎప్పటిలాగే తల వంచి గుమ్మం దాటింది. సూపర్‌వైజరుకు వేరే బల్ల ఉంది, అక్కడ కూర్చోవచ్చు. కూర్చోలేదు. తన పాత చోటికే వచ్చి కత్తెరలు అందుకుంది. ఇద్దరి మధ్యా ఇనుము చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ట్రే సర్దడం అయింది. గొట్టం తోమి, నీళ్లు చిమ్మి, ట్రేని అటు తోసింది. కళ్లజోడక్క అద్దాలు పైకి నెట్టి, గొట్టాన్ని దీపానికి పట్టి, ఊపిరి బిగబట్టి చూసింది.

"చూశాను," అంది. కానీ గొట్టాన్ని ట్రేలో పెట్టలేదు. చెయ్యి చాచి ఆమె ముందు పట్టుకుంది. "మీరు కూడా ఒకసారి చూసుకోండి మేడమ్. నా చూపు మీద భరోసా ఏముంది?"

పక్క బల్లల దగ్గర చేతులు ఆగాయి. గోడ మీద ఫోను మోగుతోంది, థియేటర్ వాళ్లే అయి ఉంటారు. పొడుగక్క గొట్టం అందుకుంది. దీపం తల మీదే ఉంది, చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తలేదు. గొట్టాన్ని కత్తెరల పక్కన దాని చోట్లో పడుకోబెట్టింది. గుడ్డ మొదటి కొసను మీదికి మడిచింది. రెండో కొస మడిచింది, తర్వాత మూడోది. టేపు చింపి అంటించింది.

కళ్లజోడక్క అద్దాలు ఇంకా నుదుటి మీదే ఉన్నాయి. కళ్లు చికిలించి ఆ కట్టను చూస్తూ నిలబడింది. ఫోను మోగి మోగి ఆగింది.

"ఏమే పొడుగూ," అంది చిరాగ్గా, "సూపర్‌వైజరువి అయ్యావు గాని మడత పెట్టడం రాలేదే నీకు. ఆ మూల చూడు, ఎలా తెరుచుకుని చస్తోందో. విప్పు, మళ్లీ కట్టు."

పొడుగక్క టేపు పీకి, మళ్లీ మొదటి కొస నుంచి మడవసాగింది.